ప్రయోజనాల సంఘర్షణ, గుత్తేదారు

సందేహం: ఒక ఎమ్మెల్యేకే రోడ్డు పని దక్కిందన్న వార్తలో ‘ప్రయోజనాల సంఘర్షణ’ అని రాశారు. మా నాయన విని “ఎవురికీ ఎవురికీ తగువంట?” అన్నాడు. అందులోనే ‘గుత్తేదారు’ అనీ ఉంది. మా తట్టు గుత్త అంటే చేను గుత్తకిచ్చేది. ఈ మాటలు సరైనవేనా?
– ఒక పాఠకుడు, పత్తికొండ, కర్నూలు జిల్లా

సమాధానం: మీ నాయన సరిగ్గా పట్టుకున్నారు. ఇంగ్లిషు ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్’ను మక్కికి మక్కి దించిన మాట ఇది. సంఘర్షణకు ఇద్దరుండాలి. ఇక్కడున్నది ఒక్కడే. జనం తరఫున పనికి లెక్క అడగాల్సిందీ అతడే, ఆ పనికి బిల్లు పుచ్చుకునేదీ అతడే. రావలసిన తగువు రాకపోవడమే అసలు చిక్కు. కాబట్టి ‘విరుద్ధ ప్రయోజనాలు’ అంటే మేలు. ముందు ‘పరస్పర’ తగిలించనక్కర్లేదు. ఈమధ్య ‘ఆసక్తుల వైరుధ్యం’ కూడా కనిపిస్తోంది. ఆసక్తి క్రికెట్ మీద ఉంటుంది. కాంట్రాక్టులో ఉండేది ప్రయోజనం.

‘కంచే చేను మేసినట్టు’ అంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. చాలదు. అది మేత అయ్యాక అనే మాట. విరుద్ధ ప్రయోజనం నోరు పెట్టకముందే ఉంటుంది, చట్టమూ దాన్ని అక్కడే ఆపాలని చూస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ చూడండి. తన వ్యాపారంలో భాగంగా రాష్ట్ర ప్రభుత్వంతో సరుకుల సరఫరాకో, పనులకో తాను కుదుర్చుకున్న కాంట్రాక్టు నడుస్తున్నంతకాలం ఆ మనిషి శాసనసభకు అనర్హుడు. లంచం ముట్టిందా, ఖజానాకు నష్టం వచ్చిందా అన్న ఊసే అందులో లేదు. తన వంతు పని పూర్తిచేసి, ప్రభుత్వం నుంచి బిల్లు మాత్రమే రావలసి ఉంటే కాంట్రాక్టు ఉన్నట్టు లెక్కకట్టరు.

‘తాను కుదుర్చుకున్న’ అనే చోటే సందుంది. భార్య పేరునో కొడుకు పేరునో తీసుకున్నది మామూలుగా ఆ వాక్యానికి చిక్కదు. ‘బినామీ’ అనే ఫారసీ మాట మన పల్లెల్లో ఇంత ఇంటిమాటైందంటే ఊరికే కాదు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల కాంట్రాక్టులు కూడా నామినేషన్ అఫిడవిట్‌లో చూపాలి. చూపడం వేరు, అనర్హత వేరు.

‘లాభదాయక పదవి’తో దీన్ని కలపకండి. అది ప్రభుత్వం కట్టబెట్టే పదవి సంగతి. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం పోయింది ఉత్తరప్రదేశ్ చలనచిత్రాభివృద్ధి మండలి అధ్యక్ష పదవి వల్ల, కాంట్రాక్టు వల్ల కాదు.

ఇక గుత్త. ఇంతకని మాట్లాడుకొని ఒకరికి ఒప్పజెప్పేదే గుత్త. అది చేను కావచ్చు, చెరువులో చేపలు కావచ్చు, సంత వసూళ్లు కావచ్చు, రోడ్డు కావచ్చు. కోస్తావాళ్లు పొలానికి కౌలు అంటారు గనక వాళ్లకు ఈ అనుమానం రాదు. ఆదోని దాటి బళ్లారి పోతే కాంట్రాక్టరును ‘గుత్తిగెదార’ అనే అంటారు. మనవాళ్లు ఆ గుత్తకే ‘దారు’ చేర్చి గుత్తేదారు అన్నారు. నిక్షేపంగా వాడుకోవచ్చు. ‘గుత్తాధిపత్యం’లో ఉన్నదీ ఈ గుత్తే.