పల్లి చెట్టు మొదట్లో ‘ఆవాలు’: తెల్లగా ఉన్నప్పుడే పట్టుకోవాలి

ప్రశ్న: వనపర్తి జిల్లా పెబ్బేరు దగ్గర మూడెకరాల చల్కలో యాసంగి పల్లి వేసిన, కదిరి–6 రకం. ఊడలు దిగి కాయ పడుతున్నది. అక్కడక్కడ చెట్లు పచ్చగా ఉండంగనే కొమ్మలు వాలి ఎండుతున్నయి. పీకితే మొదలు తెగి చేతికొస్తది, కాయలు భూమిలనే ఉంటున్నయి. మొదట్లో తెల్ల బూజు, దాని మీద ఆవాల లెక్క గింజలు. పోయిన వారం తెల్లగున్నయి, ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగినయి. పోయినేడు కూడా ఇదే జాగల వచ్చింది. ఎండాకాలం అంత ఎండకు కూడా ఈ బూజు ఎందుకు చావలేదు? ఏ మందు కొట్టాలె?

జవాబు: ఆ రంగు మారడం మీ కంట పడటం మంచిదైంది. మీరడిగిన దానికి జవాబు అందులోనే ఉంది.

ఇది కాండం కుళ్ళు తెగులు. స్క్లెరోషియం రోల్ఫ్సై అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. మొలక దశలో మొదట్లో నల్లటి పొడి కనిపించే మొదలు కుళ్ళు వేరు, దానికి కారణం ఆస్పర్జిల్లస్ నైజర్. మీ చేనులో ఉన్నది అది కాదు.

తెల్లగా ఉన్నప్పుడు ఆ గింజలు మెత్తటి బూజు పోగుల ఉండలు. కొద్ది రోజుల్లో గట్టిపడి, పైపొరలో మెలనిన్ అనే రంగు పదార్థం చేరి గోధుమ రంగుకు వస్తాయి. ఒక ముదురు గింజను బ్లేడుతో కోసి భూతద్దం కింద పెట్టండి. పైన ముదురు పొట్టు, లోపల తెల్లటి పప్పు కనిపిస్తుంది. ఎండకు, కరువుకు, మట్టిలోని సూక్ష్మజీవులకు ఆ పొట్టే అడ్డం. రంగు సరిగా పట్టని గింజలను మట్టిలోని జీవులు తేలిగ్గా కుళ్ళబెడతాయి. రంగు పట్టినవి పంట లేకపోయినా ఏళ్ల తరబడి బతుకుతాయి. పోయినేటి జాగాలోనే మళ్లీ రావడానికి కారణం ఇదే.

ఈ శిలీంధ్రానికి గాలి బాగా కావాలి. అందుకే దాని ఆటంతా పై రెండు మూడు అంగుళాల మట్టిలోనే. 25–30 డిగ్రీల వెచ్చదనం, కొమ్మలు కమ్ముకున్నాక మొదట్లో ఆరని తేమ, రాలిన ఆకు, ఈ మూడూ కలిస్తే బూజు పరుచుకుంటుంది. తిక్క ఆకుమచ్చ తెగులుకు రాలిన ఆకే దానికి మొదటి మేత. ఆ మేత మీద బలం పుంజుకుని, ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదిలి కాండాన్ని చంపి, ఆ తర్వాతే లోపలికి పోతుంది. కాబట్టి ఆకుమచ్చను అదుపు చేయడం కూడా ఈ తెగులుకు వైద్యమే. గుంటక తోలేటప్పుడు మట్టిని మొదళ్ల మీదికి ఎగదోయకండి. తడికి తడికి మధ్య పైమట్టిని ఆరనివ్వండి.

ఇప్పుడు చేయాల్సింది: చచ్చిన చెట్లను గింజలు కింద రాలకుండా మట్టితో సహా సంచిలోకి ఎత్తి, చేను బయట కాల్చేయండి. గెట్టు మీద పడేస్తే నీళ్లతో మళ్లీ చేనులోకే వస్తాయి. చెట్లు చచ్చిన ఆ జాగా (తెగులు మచ్చ) చుట్టూ ఉన్న బాగున్న చెట్ల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి హెక్సాకొనజోల్ 2 మి.లీ. లేదా ప్రొపికొనజోల్ 1 మి.లీ. కలిపి పోయండి. ఆకుల మీద కొట్టి వదిలేస్తే మొదలుకు చేరదు. ఇంకోమాట, ఈ మందు ఆపేది తెల్ల బూజును. గోధుమ రంగు పట్టిన గింజల మీద దాని ప్రభావం నామమాత్రం. అందుకే తెల్లగా కనిపించిన రోజే కదలాలి.

తెగులున్న జాగాలో కాయను విత్తనానికి ఉంచుకోకండి. ఒలిచి చూడండి, కొన్ని పప్పుల మీద నీలి బూడిద రంగు మరకలుంటాయి. అవి ఆ ఆక్సాలిక్ ఆమ్లం చేసిన గుర్తులు. ఆ పల్లి కట్టెను గడ్డివాములో కూడా కలపొద్దు.

పంట తీశాక వేసవిలో రెక్క నాగలితో ఒక్కసారి లోతుగా, అర అడుగుకు మించి తిరగేయండి. లోతుకు పోయిన బూజు గింజలు గాలి అందక మొలవలేవు. వచ్చే ఏడు మళ్లీ లోతు దున్నితే పాతిపెట్టినవాటిని మీరే పైకి తెచ్చుకున్నట్టు, అప్పుడు పైపైనే దున్నాలి. పల్లి మీద పల్లి వేయకుండా జొన్న, మక్క వేయండి. మిరప, టమాట, శనగ వద్దు, వాటికీ ఇదే తెగులు వస్తుంది. నీటి వసతి ఉండి మడిలో నీళ్లు నిలిస్తే ఒక కారు వరి పెట్టినా గింజలు చాలావరకు మురిగిపోతాయి.

ఎండకు ఎందుకు చావలేదన్నారు కదా. పొడి ఎండను ఆ పొట్టు ఓర్చుకుంటుంది, తడి వేడిని ఓర్చుకోలేదు. తెగులు మచ్చలున్న జాగా వరకు ఏప్రిల్–మేలో బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల పట్టా పనికిరాదు, వేడి పట్టాలోనే ఆగిపోయి మట్టికి సరిగా చేరదు. మూడెకరాలకూ అక్కర్లేదు, ఇప్పుడే మచ్చల దగ్గర కట్టెలు పాతి గుర్తు పెట్టుకోండి. తర్వాత విత్తే ముందు ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె (తెగులు బూజును అణిచే మేలు శిలీంధ్రం) పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తేమ ఆరకుండా గోనె కప్పి పది పదిహేను రోజులు పెంచి, తడి ఉన్నప్పుడు చల్లండి.