బుగ్గల మంటకి ఆ ట్యూబు కాదమ్మా

చిన్నీ,

మొన్న పెళ్లిలో అందరూ "ఈ వయసులో మొటిమలేంటి" అంటుంటే నువ్వు పైట కొంగు అడ్డం పెట్టుకున్నావు చూడు, నా ప్రాణం ఉసూరుమంది. పదేళ్ల కిందట నా మొహమూ అంతే. దాన్ని రొసేషియా అంటారని తెలియడానికే నాకు రెండేళ్లు పట్టింది.

మొటిమలైతే బ్లాక్‌హెడ్స్ ఉంటాయి, ఇందులో ఉండవు. మొదట్లో మొహం ఊరికే వేడెక్కి కందుతుంది, కాసేపటికి తగ్గుతుంది, కొన్నాళ్లకి ఇక తగ్గడం మానేస్తుంది, ఎందుకంటే చర్మంలోని సన్న రక్తనాళాలు వెడల్పై అలాగే ఉండిపోతాయి. అద్దం దగ్గరగా పెట్టుకుంటే నా ముక్కు పక్కన ఎర్రదారం పోగులు అంటుకున్నట్టు కనిపించేవి. మన చామనఛాయలో ఎరుపు అంత తేలదు, కాస్త ముదురు రంగుగా ఉంటుంది, అందుకే నువ్వు మంటని, చురుకుని గమనించు. కళ్లలో ఇసుక పడ్డట్టుంటే అదీ దీనివల్లే కావచ్చు, డాక్టరుకి తప్పకుండా చెప్పు. ఇది అంటుకునే జబ్బు కాదు, పిల్లని ముద్దు పెట్టుకోవడానికి భయపడకు.

నేను చేసిన తప్పు మాత్రం నువ్వు చేయకు. ఒక మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే వారంలో మొహం నిగనిగలాడింది, మానేస్తే అన్నం వారుస్తుంటే తగిలే ఆవిరికే కళ్లమ్మట నీళ్లొచ్చేంత మంట. అందులో ఉన్నది స్టెరాయిడ్. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని రాసి ఉంటే అదే. ఇప్పటికే రాస్తుంటే ఎలా మానాలో కూడా డాక్టరునే అడుగు.

మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లు. నాకు మెట్రోనిడజోల్ జెల్ ఇచ్చారు, కొందరికి ఐవర్‌మెక్టిన్ క్రీమో డాక్సీసైక్లిన్ మాత్రలో ఇస్తారు. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ అదుపులో ఉంటుంది, నాకు ఉంది. గుణం తెలియడానికి వారాలు పడుతుంది, మధ్యలో వదిలేయకు.

ఇంకోటి, మన వైజాగ్ ఎండా ఉక్కా దీనికి పడవు. బీచ్‌రోడ్డు వాకింగ్ పొద్దున ఆరులోపే ముగించు, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకో, నిమ్మరసం, సున్నిపిండి మొహానికి తగలనీయకు. నాకు పొగలు కక్కే టీ పడదు, మిరపకాయ బజ్జీ అసలు పడదు, నీకేం పడదో రోజూ చిన్న పుస్తకంలో రాసుకుంటే నెలలో తెలిసిపోతుంది.

ఇప్పుడు నువ్వేం రాస్తున్నావో ఆ ట్యూబు ఫోటో వాట్సాప్‌లో పెట్టు, వెనకాల మందు పేరు కనిపించేలా.

మీ పెద్దమ్మ