తలనొప్పికి నుదుటి యంత్రం కొనాలా?

ప్రశ్న: నా వయసు 41. బ్యాంకు ఉద్యోగం. రెండేళ్లుగా తల చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి, నెలలో ఇరవై రోజులకు పైనే ఉంటోంది. వాంతులు లేవు, వెలుతురు ఇబ్బంది లేదు. స్కాన్‌లో ఏమీ తేలలేదు. టెన్షన్ తలనొప్పి అన్నారు. దాదాపు రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మా తమ్ముడు నుదుటికి అంటించుకునే నరాల యంత్రం పంపిస్తానంటున్నాడు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: మీ తమ్ముడిని కొన్నాళ్లు ఆగమనండి. ఆ యంత్రంతో ప్రమాదమని కాదు, మీ రకం తలనొప్పికి అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. కనుబొమల పైన అంటించుకునే పరికరాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అనుమతించింది మైగ్రేన్ రాకుండా చూడటానికి. మెడ పక్కన ఆనించే, మెదడు నుంచి మెడ మీదుగా దిగే వేగస్ నరాన్ని ప్రేరేపించే పరికరానికి 2017లో అనుమతి దక్కింది క్లస్టర్ తలనొప్పికి (ఒక కంటి చుట్టూ విపరీతంగా వచ్చే నొప్పి), ఆ తర్వాత మైగ్రేన్‌కు. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2023లో మన దేశానికి తెచ్చిన, దండచేతికి కట్టుకునే నెరివియో అనే పరికరం కూడా మైగ్రేన్ కోసమే. ఆన్‌లైన్‌లో అమ్మేవారు మాత్రం ‘అన్ని తలనొప్పులకూ’ అని ధీమాగా రాసేస్తుంటారు!

నరాలకు స్వల్ప విద్యుత్తు ఇచ్చి నొప్పి తగ్గించాలన్న ఆలోచన మంచిదే. మోకాలికి దెబ్బ తగిలితే చేత్తో రుద్దుకుంటాం, కాస్త తగ్గినట్టుంటుంది. స్పర్శను మోసే లావు నరాల తంతువులు చురుకైతే, సన్నని తంతువులు తెచ్చే నొప్పి సందేశం వెన్నుపాములోనే కొంత అణిగిపోతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. ఫిజియోథెరపీలో వాడే టెన్స్ యంత్రం ప్యాడ్లతో చర్మం మీదుగా పంపే స్వల్ప విద్యుత్తుతో ఆశించేదీ అదే. దాన్ని మెడ వెనక పెడితే కొందరికి హాయిగా ఉంటుంది. కావాలంటే అది ప్రయత్నించండి, ఖర్చూ తక్కువ. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు. టెన్స్ ప్యాడ్లు గొంతు ముందు భాగంలో ఎవరూ పెట్టుకోకూడదు.

అసలు నన్ను కంగారు పెడుతున్నది మీ రోజువారీ మాత్ర. మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, కెఫీన్ లేదా కొడీన్ కలిసినవైతే 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టగలవు. మీ నొప్పిలో కొంత భాగం ఇదేనని నా అనుమానం. మానేసిన తొలి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది, చాలామంది సరిగ్గా అక్కడే మళ్లీ మాత్ర అందుకుంటారు. అందుకే న్యూరాలజిస్టు పర్యవేక్షణలో మానండి. ఆయన రాత్రిపూట అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో, బహుశా 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు. డిప్రెషన్ మందు ఇచ్చారేమిటని కంగారు పడకండి, అంత తక్కువ మోతాదు నొప్పి కోసమే. నోరు ఎండిపోవచ్చు, పొద్దున కాస్త మత్తుగా ఉండవచ్చు. గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), గుండె లయ సమస్యలుంటే ముందే చెప్పండి. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వాడి వదిలేయవద్దు.

మెడ, భుజాల వ్యాయామాలు, రోజూ నడక, వేళకు నిద్ర కూడా తోడవ్వాలి. ఏ రోజు ఎంత నొప్పి, ఏ మాత్ర వేసుకున్నారో నెలరోజులు రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

ఉన్నట్టుండి భరించలేనంత తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చూపు మందగించడం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.