జర్మన్ పూర్తిగా వచ్చేదాకా ఉద్యోగం ఆపుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్‌లో బీటెక్ చేసి, నిరుడు జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్‌లో చేరాడు. క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే. జర్మన్‌లో ఎ1, ఎ2, బి1, బి2 అంటూ సాగే స్థాయుల్లో రెండోదైన ఎ2 పాసయ్యాడు. రాత్రిళ్ళు వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. ప్రొడక్షన్, క్వాలిటీ విభాగాల్లో పార్ట్‌టైమ్‌కి అప్లై చేస్తే భాష చాలదంటున్నారట. ఒక సెమిస్టర్ పక్కన పెట్టి జర్మన్ ఒక్కటే నేర్చుకుంటానంటున్నాడు. లోన్ వడ్డీ నేను కడుతున్నాను. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సెమిస్టర్ వదులుకోవద్దని చెప్పండి. అతనికి రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చింది చదువు కోసం. చదువు ముందుకు సాగకపోతే పొడిగించే రోజున ఎందుకని అడుగుతారు. పైగా పొద్దున జర్మన్ క్లాసుకి వెళ్ళి, సాయంత్రం మనవాళ్ళుండే ఫ్లాట్‌కి తిరిగొస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది గానీ ఇంటర్వ్యూలో నోరు పెగలదు. భాష నేర్చుకుంటూనే చేయగలిగిన పని చూసుకోవాలి. అలాంటి పనులు ఉన్నాయి, అతను అడుగుతున్న విభాగాల్లో మాత్రం తక్కువ.

షాప్ ఫ్లోర్ మీద ఆపరేటర్లతో మాట్లాడాలి, సేఫ్టీ నోటీసులు చదవాలి, షిఫ్ట్ మారేటప్పుడు వివరాలు అప్పగించాలి. ఎ2తో వచ్చిన కుర్రాణ్ణి అక్కడ తీసుకోకపోవడంలో తప్పు పట్టడానికేం లేదు. సిమ్యులేషన్, టెస్ట్ డేటా, పైథాన్ ప్రోగ్రామింగ్‌తో లెక్కలు చేసే పనులైతే వేరు. వాటిలో ఇంగ్లిష్‌తో మొదలుపెట్టొచ్చు, కాంటీన్‌లోనూ మీటింగుల్లోనూ జర్మన్ చెవిన పడుతూ ఉంటుంది. అన్నిటికన్నా దగ్గర దారి యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పని. అక్కడి పిల్లలు 'హివి' అంటారు. మంచి మార్కులొచ్చిన సబ్జెక్టు ప్రొఫెసర్‌కి చిన్న మెయిల్ రాసి, ల్యాబ్‌కి స్వయంగా వెళ్ళి అడగమనండి. మాగ్డెబుర్గ్‌లోనే ఫ్రౌన్‌హోఫర్ వారి ఫ్యాక్టరీ ఆటోమేషన్ పరిశోధన సంస్థ ఉంది, మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ కూడా ఒకటుంది. వాటి వెబ్‌సైట్లలో విద్యార్థుల ఖాళీలు వారం వారం చూసుకోవాలి.

ఇక ఆ రాత్రి డ్యూటీ. నొచ్చుకోకపోతే ఒక మాట: దాని వెనక మీరు కడుతున్న వడ్డీ ఉండి ఉంటుంది. స్కానర్ పట్టుకుని డబ్బాలు సర్దే పనిలో పది మాటలతో రాత్రి గడిచిపోతుంది, పొద్దున క్లాసులో నిద్ర ముంచుకొస్తుంది. డబ్బు లెక్క చూసినా తేడా పెద్దగా ఉండదు. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. వారానికి 20 గంటలు చేస్తే ఏ పనిలోనైనా నెలకి 1,200 యూరోల దాకా వస్తాయి, కోతలు పోను కాస్త తగ్గుతాయి. బయటి కంపెనీల్లో విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. యూనివర్సిటీలో చేసే అసిస్టెంట్ పని ఆ లెక్కలోకి రాదు. కొత్త పని కుదిరాకే వేర్‌హౌస్ మానేయమనండి, ముందే వద్దు.

రెజ్యుమేలో భాష గురించి ఉన్నదున్నట్టు రాయాలి: జర్మన్ ఎ2, బి1 క్లాసుకి వెళ్తున్నాను, పరీక్ష ఫలానా నెలలో. చాలామంది పిల్లలు ఏఐతో చక్కటి జర్మన్‌లో కవర్ లెటర్ రాయించి పంపుతారు. మర్నాడు హెచ్ఆర్ ఫోన్ చేసి గలగలా జర్మన్‌లో మొదలుపెట్టగానే రెండో వాక్యానికే దొరికిపోతారు. ప్రకటనలో 'గ్రుంట్‌కెంట్‌నిస్సె' అని ఉంటే బేసిక్ జర్మన్ చాలని, ధైర్యంగా అప్లై చేయొచ్చు. 'ఫ్లీసెండ్' అంటే ధారాళంగా రావాలని, దాన్ని ప్రస్తుతానికి వదిలేయమనండి. ప్రకటన మొత్తం ఇంగ్లిష్‌లో ఉంటే అది మొదటి వరసలో పెట్టుకోవాల్సిన ఉద్యోగం.

భాషకి యూనివర్సిటీ లాంగ్వేజ్ సెంటర్‌లో, అది కుదరకపోతే 'ఫోక్స్‌హోఖ్‌షూలె' అనే వయోజన విద్యా కేంద్రంలో సాయంత్రం క్లాసులుంటాయి. ప్రైవేటు కోచింగ్‌కి వేలు పోయనక్కర్లేదు. ఇంగ్లిష్ మెరుగుపరుచుకోవాలనుకునే జర్మన్ విద్యార్థి దొరికితే వారానికి ఓ గంట ఇద్దరూ మార్చి మార్చి మాట్లాడుకోవచ్చు. క్రికెట్ మనవాళ్ళతోనే ఆడనివ్వండి, వాలీబాల్‌కి మాత్రం ఊరి క్లబ్బులో చేరమనండి.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్ ఈయూ బ్లూ కార్డు. దానికి జర్మన్ రావాలన్న నిబంధన లేదు, డిగ్రీకి తగ్గ ఉద్యోగం, నిర్ణయించిన జీతం ఉంటే చాలు. కానీ బ్లూ కార్డు మీద శాశ్వత నివాసం ఎ1తో 27 నెలలకి వస్తే, బి1 ఉంటే 21 నెలలకే వస్తుంది. కాగితం మీద అలా ఉన్నా, ఫ్యాక్టరీల్లో మెకానికల్ వాళ్ళని చాలాచోట్ల బి2 అడుగుతారు. ఆటోమొబైల్ రంగం ఇప్పుడు ఇబ్బందుల్లో ఉంది. దగ్గర్లోని వోల్ఫ్స్‌బుర్గ్ కేంద్రంగా ఉన్న ఫోక్స్‌వ్యాగన్, 2030 నాటికి జర్మనీలో 35,000కి పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటామని 2024 డిసెంబర్‌లో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. అందుకే థీసిస్‌ని ఏదైనా కంపెనీలో చేసే అవకాశం కోసం ఐదారు నెలల ముందు నుంచే ప్రయత్నించాలి. ఆర్నెల్లు కళ్ళెదుట పనిచేసినవాడి జర్మన్ బి1 దగ్గరే ఉన్నా సర్దుకుపోయే మేనేజర్లుంటారు.

మీ వరకు ఒక పనుంది. లోన్ పత్రాలు తీసి మారటోరియం షరతు చదవండి. చాలా బ్యాంకుల్లో చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. చదువుతుండగా వడ్డీ కట్టడం మీ బ్యాంకులో తప్పనిసరో కాదో మేనేజర్‌ని అడగండి. తప్పనిసరి కాకపోతే, ఇప్పుడు ఆపితే అసలుకి ఎంత కలుస్తుందో లెక్క వేయించుకుని, ఆ కాగితం ఫొటో తీసి అబ్బాయికి పంపండి. రాత్రి డ్యూటీ ఎన్నాళ్ళు చేయాలో ఇద్దరూ ఆ లెక్క చూసి తేల్చుకోవచ్చు.