పర్మిట్ ఫీజు మాఫీ సరే, సగం గీత చూసుకున్నారా?

ప్రశ్న: మాది ఫ్లోరిడాలో టాంపా దగ్గర పాత ఒకే అంతస్తు ఇల్లు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకు ఇంట్లోకి మోకాలి లోతు ఉప్పునీళ్లు వచ్చాయి. రిపేరుకు 84 వేల డాలర్లవుతుందని కాంట్రాక్టరు చెప్పాడు. తుఫాను రిపేర్లకు మా ఊళ్లో పర్మిట్ ఫీజు మాఫీ చేశారు. లేకుంటే 900 దాకా అయ్యేదట. ఎలాగూ ఫీజు లేదు కదా అని వంటగది పెంచి, పూజగది కూడా కట్టించుకుందామని ఉంది. దానికింకో 15 వేలు. కౌంటీ లెక్కలో స్థలం కాక ఇంటి విలువ లక్షా 80 వేలు. పర్మిట్ మా పేరుతోనే తీసుకోమంటున్నాడు కాంట్రాక్టరు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు పూజగది ఆపండి. 900 మిగిలాయని 15 వేలు ఖర్చు పెట్టడం పండగ డిస్కౌంట్లలో మనందరం చేసే పనే, దానికి మిమ్మల్నేమీ అనను. అసలు చిక్కు వేరే ఉంది.

మీ ఇల్లు ఫెమా (అమెరికా కేంద్ర విపత్తుల సంస్థ) మ్యాపులో వరద జోన్‌లో ఉండి, ఇప్పటి నిబంధన కన్నా తక్కువ ఎత్తులో ఉంటే, రిపేరు ఖర్చు ఇంటి విలువలో సగానికి చేరకూడదు. స్థలం విలువ ఇందులోకి రాదు, తుఫానుకు ముందున్న కట్టడం విలువే లెక్క. మీకు ఆ గీత 90 వేల దగ్గరుంది. 84 వేలతో ఇవతలే ఉన్నారు. 15 వేలు కలిపితే 99 వేలు. గీత దాటిన మరుక్షణం ఇల్లు మొత్తాన్ని ఇప్పటి వరద నిబంధనల ప్రకారం మార్చాలి, అంటే మామూలుగా ఇంటిని పైకెత్తడమే. నేల మీదే పోసిన కాంక్రీటు స్లాబ్‌పై కట్టిన ఇంటికి ఆ ఖర్చు లక్ష డాలర్లు దాటడం మామూలే. ఫెడరల్ వరద బీమా ఉంటే ఈ పనికి విడిగా 30 వేల దాకా ఇస్తారు గానీ, అది ఏ మూలకూ రాదు.

మీ బావగారు వచ్చి ఊరికే టైల్స్ వేసిపెట్టినా తప్పించుకోలేరు. ఆ పనికి మార్కెట్ కూలి కట్టి మరీ కలుపుతారు. పూజగది వచ్చే ఏడాది చూద్దామన్నా జాగ్రత్త. ఫ్లోరిడాలో కొన్ని ఊళ్లు గత కొన్నేళ్ల పనులన్నీ కలిపి లెక్కేసేవి. 2025లో రాష్ట్ర చట్టం దాన్ని ఆపింది. అయినా మీ ఊరి వరద నిబంధనలు చూసే ఆఫీసులో రెండు పనులూ కలిపి లెక్కేస్తారేమో అడిగి, ఈమెయిల్లో జవాబు తెప్పించుకోండి. ఇంకో మాట: ఇలాంటి మాఫీ సాధారణంగా పాడైనదాన్ని మునుపటిలా చేసుకోవడానికే. కొత్త గదికి వర్తించకపోవచ్చు.

పర్మిట్ మీ పేరుతో అంటున్నాడు చూశారా, నాకది నచ్చలేదు. ఫ్లోరిడాలో సొంతింటికి యజమానే పర్మిట్ తీసుకునే వీలుంది, నిజమే. కానీ అప్పుడు చట్టం దృష్టిలో కాంట్రాక్టరు మీరే. పని సరిగా జరగకపోయినా, పనివాడికి దెబ్బ తగిలినా మీ మెడకే చుట్టుకుంటుంది. లైసెన్సు ఉన్నవాడు తన పేరుతో తీసుకోవడానికి ఎందుకు వెనకాడతాడు? రాష్ట్ర లైసెన్సుల వెబ్‌సైట్లో అతని పేరు ఉందో లేదో ఈ రాత్రే చూడండి. అసలు పర్మిటే లేకుండా కానిద్దామంటే మాత్రం అక్కడితో మాటలు ఆపేయండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

మరి మిగిలిన 900 ఏం చేయాలంటే, దాంట్లోంచి ఒక సర్టిఫైడ్ అప్రైజర్‌కి, అంటే ఇళ్ల విలువ కట్టే నిపుణుడికి, ఇవ్వండి. పన్ను కోసం కౌంటీ వేసే విలువ చాలాసార్లు తక్కువగానే ఉంటుంది. తుఫానుకు ముందు కట్టడం విలువెంతో అప్రైజర్ రాసిస్తే చాలా ఊళ్లు ఒప్పుకుంటాయి. అది 2 లక్షల 20 వేలని తేలిందనుకోండి, గీత లక్షా 10 వేలకు జరుగుతుంది. అప్పుడు మీ 99 వేలూ ఇవతలే ఉంటాయి.

మాఫీకి ఆఖరి తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. దాన్ని చూసుకుని, రిపేరు వరకే దరఖాస్తు పెట్టేయండి. అప్రైజర్ అంకె చేతికొచ్చాక పూజగది సంగతి మళ్లీ రాయండి.