మీ మామ కోపం గురించి

చిత్తూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథా ఉత్తరమూ రెండూ అందాయి. కథ కంటే ఉత్తరమే పొడుగ్గా ఉంది. దాన్నిబట్టే తెలుస్తోంది ఎంత టెన్షన్‌లో ఉన్నావో.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కు కోసం చీర కట్టుకున్న మనిషికి, జాతర అయిపోయాక ఆ చీర విప్పబుద్ధి కాదు. ఇదీ నీ కథ. మీ మామ సగం చదివి "అమ్మవారితో ఆటలా?" అని కాగితాలు విసిరికొట్టాడు. మీ అమ్మ మాట్లాడటం మానేసింది. "జాతరలో వేషం కట్టినోళ్లు నడిబజార్లో బూతులు తిడుతుంటే నవ్వుకునే ఊరు, నా కథకు ఎందుకు సార్ ఉలిక్కిపడింది?" అని అడిగావు.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా అందులోనే ఉంది, చూడు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని, చివరికి దొర వేషంలో వస్తే వాడు బయటపడ్డాడని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... ఏ రోజు ఏ వేషమో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. జాతర చాటింపుతో మొదలవుతుంది, అమ్మవారి విశ్వరూపంతో ముగుస్తుంది. ఆ మధ్యలో మగవాడు చీర కట్టినా, పూలు పెట్టినా, నోటికొచ్చింది తిట్టినా అంతా అమ్మ లెక్కలోకే పోతుంది. తిట్టేవాడు మనవాడు, వినేవాళ్లూ మనవాళ్లే. చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదంటారు కదా. నీ కథ దాటింది. ఎక్కడో విశాఖలోనో హైదరాబాదులోనో కూర్చుని, మొక్కంటే ఏమిటో తెలియనివాడు దాన్ని చదువుతాడు. మీ మామ భయమంతా వాడి గురించే. "తిరుపతిలో మగాళ్లు ఇట్లా చేస్తారంట" అని వాడు నవ్వితే ఎట్లా అని. ఇంగ్లీషు చదువులు వచ్చినప్పటి నుంచి జాతరంటే మొరటుతనం అని ముఖం తిప్పుకున్నవాళ్లు మనలోనే ఎంతమంది లేరు? ఆ మాటలు పడీ పడీ ఉన్న మనిషి మీ మామ.

ఇది జాతరలకే ఉన్న జబ్బు అనుకోకు. కవయిత్రి ముద్దుపళని తంజావూరు రాజు ప్రతాపసింహుడి కాలంలో రాధాకృష్ణుల మీద 'రాధికాసాంత్వనము' రాసింది. అప్పుడు ఎవరి భక్తీ చెడలేదు. నూరేళ్లు దాటాక కందుకూరి వీరేశలింగం అంతటివాడికి అందులో పచ్చి శృంగారం తప్ప ఇంకేమీ కనబడలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి 1910లో అచ్చు వేయిస్తే, ఆ మరుసటేడు బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది, అదీ టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో. పుస్తకంలో అక్షరం మారలేదు. చూసేవాళ్లు మారారు, అంతే. తెల్లదొర ఏమనుకుంటాడో అన్న బెరుకు మధ్యలో వచ్చి కూర్చుంది. ఏ మతాన్ని తీసుకున్నా ఈ బెరుకు ఉంటుంది. ఎక్కడ తక్కువమంది ఉన్నారో, ఎక్కడ ఇదివరకే మాటలు పడ్డారో అక్కడ ఇంకా ఎక్కువ.

మన పక్కనే జరిగింది ఇంకొకటి చెబుతాను. చిత్తూరువాళ్లకు తమిళం ఇంటి భాషతో సమానం కాబట్టి తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుభాగన్' పేరు నువ్వు వినే ఉంటావు. తిరుచెంగోడు అర్ధనారీశ్వరుడి రథోత్సవం నేపథ్యంగా, పిల్లలు లేని దంపతుల కథ. 2010లో వచ్చింది. నాలుగేళ్లు ఎవరూ కిక్కురుమనలేదు. 2013లో ఇంగ్లీషులోకి వెళ్లింది. 2014 డిసెంబరులో గొడవ మొదలైంది. నవల చదివినవాళ్లకంటే, ఊళ్లో పంచిన జిరాక్స్ పేజీలు చూసినవాళ్లే ఎక్కువ. ఉత్సవంలో ఒక రాత్రి పిల్లలు లేని ఆడవాళ్లు పరాయి మగవాడితో కలవొచ్చన్న ఆచారం గురించిన పేజీలవి. "మా ఊరి ఆడవాళ్లను, మా పుట్టుకలను అనుమానిస్తున్నాడు" అనే కోపం అక్కడి నుంచి రేగింది. 2015 జనవరిలో అధికారులు పిలిచిన శాంతి చర్చల్లో క్షమాపణ రాసిచ్చి, తనలోని రచయిత చచ్చిపోయాడని ఆయన ప్రకటించాడు. 2016 జూలై 5న మద్రాసు హైకోర్టు, నచ్చకపోతే పుస్తకం అవతల పడేయండి, చదవమని ఎవరూ బలవంతపెట్టలేదు అని చెప్పి, ఆయన్ని మళ్లీ రాసుకోమంది. ఆయన రాస్తున్నాడు కూడా.

ఆ జిరాక్స్ కాగితాల దగ్గర కాస్త ఆగు. శ్రీకాళహస్తికి వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. కన్నప్ప పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతో లింగానికి అభిషేకం చేశాడు. తాను రుచి చూసిన మాంసం నైవేద్యం పెట్టాడు. చెప్పుకాలు తీసుకెళ్లి శివుడి కంటి మీద ఆనించాడు. ఆ ఒక్క పేజీ జిరాక్స్ తీసి, కన్నప్ప ఎవరో తెలియని ఊళ్లో పంచి చూడు, సాయంత్రానికి స్టేషన్లో కంప్లయింటు పడుతుంది. మన ఊళ్లో పడదు. కాలు ఎందుకు పెట్టాడో, తన రెండో కన్ను కూడా పెకలించి ఇవ్వబోతూ చోటు గుర్తుకోసం పెట్టాడని మనకు తెలుసు కాబట్టి. కొత్త కథకు ఆ భాగ్యం లేదు. దాని చివర ఏముందో ఎవరికీ తెలియదు. మీ మామకు చెప్పుకాలి దాకానే అందింది.

అలాగని మొత్తం చదివితే అందరూ చల్లబడతారని చెప్పను. పూర్తిగా చదివి కూడా బాధపడేవాళ్లుంటారు, ఆ బాధ నిజమే. తిట్టనీ, కొనకుండా ఉండనీ, నీ కథకు ఎదురు కథ రాయనీ. రాయొద్దనే హక్కు మాత్రం వాళ్లకు లేదు. ఇక వాళ్ల బాధను ఎత్తుకెళ్లి ఊరేగించే మనుషులు వేరే ఉంటారు. వాళ్లకు నీ కథతో పని లేదు, కాబట్టి వాళ్లతో వాదనా నీకు వద్దు.

చట్టం గురించి కూడా అడిగావు. మతభావాలను గాయపరచడం మీద 1927లో శిక్షాస్మృతిలోకి వచ్చిన సెక్షన్ 295ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 299. కావాలని, దురుద్దేశంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుంది. నీ కథలో అది లేదు. కానీ కేసు నిలవకపోయినా వాయిదాలకు తిరగడం తప్పదు, అదీ తెలుసుకుని ఉండు.

ఇప్పుడు కథ. నాలుగో పేజీలో, పొంగళ్లు పెట్టే ఆడవాళ్లను చూసి "పిచ్చి జనం" అంటావు. అన్నది నీ పాత్ర కాదు, నువ్వు. ఆ వాక్యం తీసెయ్. మామకు భయపడి తీయమనడం లేదు. ఆ మనిషి చీర విప్పలేకపోతున్నది ఆ జనం మధ్య తనకు దొరికిన నెమ్మది వల్లే కదా! వాళ్లను పిచ్చివాళ్లంటే నీ కథే నిలబడదు. చివర్లో అతను గాజులు తీయకుండా దుకాణం తెరిచే చోటు మాత్రం ఎవరు చెప్పినా మార్చకు. ఆ చోటే మీ అమ్మకు గుచ్చుకుంటుంది, తెలుసు. అయినా వద్దు. గాజుల రంగు కూడా ఒకసారి చూసుకో, రెండో పేజీలో ఎరుపు అన్నావు, చివర ఆకుపచ్చ అయ్యాయి.

మామకు కథ ఇంకోసారి ఇవ్వకు, చదివి వినిపించు. మీ అవ్వను కూడా కూర్చోబెట్టు. ఎన్ని జాతరలు చూసిందో ఆమె, జాతర మర్నాడు చీర మడిచి పెట్టెలో పెట్టుకునే మగాళ్లను చూసే ఉంటుంది. ఆమె ఏమందో నాకు రాయి. పత్రికకు ఆ తర్వాతే పంపు, ఈ నెల సంచికకు ఎలాగూ ఆలస్యమైపోయింది.

ఉంటాను.