అసైన్‌మెంట్ మార్కుల మీద అప్పీలు చేస్తే ప్రొఫెసర్ కక్ష కడతారా?

మీ ప్రశ్న చదువుతుంటే ఆరేళ్ళ కిందటి నా డిసెంబరు గుర్తొచ్చింది. అమెరికాలో ఎమ్మెస్ మొదటి సెమిస్టరు, మూడో అసైన్‌మెంటుకు తక్కువ మార్కులు, "రీగ్రేడ్ (మళ్ళీ దిద్దమని అడిగే) అభ్యర్థనలు శుక్రవారం వరకే" అంటూ చివరి వారంలో ప్రొఫెసర్ ప్రకటన, అడిగితే ఫైనల్ పరీక్షలో దెబ్బ తీస్తారేమోనన్న భయం. మీరు రాసినవాటిలో గడువు రోజు ఒక్కటి తప్ప అంతా నా కథే.

మొదట కక్ష సంగతి. నా అనుభవంలో అలాంటిది జరగలేదు. ఈ భయం మనం వెంట తెచ్చుకున్నది. ఇంటర్నల్ మార్కులు లెక్చరర్ చేతిలో ఉండే చోట చదివాం. "సార్, ఇక్కడ రెండు మార్కులు తగ్గాయి" అని లేచి నిలబడితే తరగతి మొత్తం తిరిగి చూసేది. యూనివర్సిటీ పరీక్షలైతే రీకౌంటింగ్‌కో రీవాల్యుయేషన్‌కో ఫీజు కట్టి, దిద్దినవారెవరో తెలియకుండానే "మార్పు లేదు" అన్న మాట కోసం ఎదురుచూశాం. దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని చెప్పడానికి 2011లో సుప్రీంకోర్టే రంగంలోకి దిగవలసి వచ్చింది. ఇక్కడ దిద్దిన పేపరు, ఎక్కడ ఎన్ని మార్కులు ఎందుకు పోయాయో చెప్పే రూబ్రిక్ మీ కళ్ళముందే ఉంటాయి. రీగ్రేడ్ అడగడానికి గడువు పెట్టారంటేనే అడగమని అర్థం.

ఇక నా కథ. డేటాబేస్ కోర్సు. వందకు 61 వచ్చాయి. 24 మార్కుల ప్రశ్నకు సున్నా! నా ల్యాప్‌టాప్‌లో నడిపితే జవాబు చక్కగా వస్తోంది. రాత్రి రెండింటికి ప్రొఫెసర్‌కు మెయిలు రాశాను. ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో, నాన్నగారు ఎంత అప్పు చేసి పంపించారో, ఏదీ వదల్లేదు. మా అమ్మ చదివితే ఏడ్చేది. ప్రొఫెసర్ ఒక్క వాక్యంతో సరిపెట్టారు: సోమవారం నాటి ప్రకటన చూడండి.

ఆ ప్రకటన నేను చదవలేదు. కోర్సు ప్రకటనలూ మార్కులూ పెట్టే క్యాన్వాస్ సైటు నుంచి వచ్చే మెయిళ్ళకు విసిగిపోయి నోటిఫికేషన్లు ఆపేశాను. తెరిచి చూస్తే ఫైనల్ పరీక్ష గది మారిందనే కబురుతో మొదలై చాలా ఉంది. రీగ్రేడ్ అభ్యర్థన గ్రేడ్‌స్కోప్ అనే దిద్దే సైటులోనే పెట్టాలి, మెయిళ్ళు చూడం. ప్రశ్నకు ఒక్కటే అభ్యర్థన. అడిగితే అసైన్‌మెంటు మొత్తం మళ్ళీ దిద్దవచ్చు, మార్కులు తగ్గనూ వచ్చు. గడువు బుధవారం రాత్రి 11:59. నేను చదివేసరికి బుధవారం సాయంత్రం ఆరయింది.

ఏడుపు పక్కన పెట్టి అసైన్‌మెంటు కాగితం తీశాను. రెండో పేజీలో "ఫలితాలు ఏ వరుసలో ఉన్నా ఫరవాలేదు" అని ఉంది. ఆటోగ్రేడర్, అంటే జవాబులు దిద్దే ప్రోగ్రాము, నా జవాబును కొట్టేసింది వరుస తేడా వల్లే. కాగితం ఒకటి చెబుతోంది, ప్రోగ్రాము మరొకటి అడుగుతోంది. ఈసారి మూడే వాక్యాలు రాశాను: "నాలుగో ప్రశ్నకు వరుస తేడా వల్ల సున్నా వచ్చింది. రెండో పేజీలో వరుస ఏదైనా ఫరవాలేదని ఉంది. వరుస పట్టించుకోకుండా పోల్చి చూడగలరా?"

ఐదు రోజుల తర్వాత ఆ ప్రశ్నకు 24కు 20 ఇచ్చారు. ఆ నాలుగూ నా నిజమైన తప్పు. చెప్పినట్టే మిగతా భాగమూ మళ్ళీ చూసి, మొదటిసారి వదిలేసిన ఒక తప్పుకు నాలుగు మార్కులు కోశారు. మొత్తం 77. కోర్సులో ఆ అసైన్‌మెంటు వాటా 10 శాతం కాబట్టి పెరిగిన 16 మార్కులు 1.6 అయ్యాయి. 88.9 కాస్తా 90.5 అయింది, బీ ప్లస్ ఏ మైనస్ అయింది. ఇదే కారణంగా నష్టపోయిన మిగతావాళ్ళకూ మార్కులు కలిపామని మర్నాడు ఇంకో ప్రకటన వచ్చింది. నా నిద్రలేని రాత్రులకు మాత్రం అర మార్కు కూడా రాలలేదు.

రెండో ఏడాది నేనే టీఏని, అంటే దిద్దడంలో ప్రొఫెసర్‌కు సాయపడే సహాయకుణ్ని, అయ్యాను. 180 మంది ఉన్న కోర్సు. టీఏలం ప్రశ్నలు పంచుకుని దిద్దేవాళ్ళం. నా వంతు ప్రశ్నకు వచ్చిన అభ్యర్థనలు నేనే చూసేవాణ్ని, ఎవరెవరు అడిగారో ప్రొఫెసర్‌కు తెలిసేది కూడా కాదు. "బీ వస్తే జీపీఏ 3.0 కిందికి పోతుంది, స్కాలర్‌షిప్ పోతుంది" అని రాసేవారు. జాలి కలిగేది, కానీ ఆ జాలికి రూబ్రిక్‌లో గడి లేదు. ఇంకొందరు "ఇదే జవాబుకు నా స్నేహితుడికి పూర్తి మార్కులు వచ్చాయి" అనేవారు. ఈ మాట మాత్రం చచ్చినా రాయకండి. మొదట మేం చేసేది ఆ ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెట్టి చూడటం. ఒకసారి అలా చూస్తే నిజంగానే ఒకేలా ఉన్నాయి, అక్షరం పొల్లు పోకుండా. మార్కుల గొడవ కాపీ విచారణగా మారింది.

మీరు ముందు లెక్క వేసుకోండి. క్యాన్వాస్‌లో మార్కు గడిలో వేరే అంకె వేస్తే మొత్తం ఎంతవుతుందో కనిపిస్తుంది, అది మీకే తప్ప ఎవరికీ కనపడదు. ఐదు మార్కులు పెరిగితే గ్రేడు మారదని తేలితే ఆ సాయంత్రం ఫైనల్ పరీక్షకు చదువుకోవడం మేలు. మారేటట్టుంటే అసైన్‌మెంటు కాగితాన్నీ రూబ్రిక్‌నీ మీ జవాబునూ ఒకచోట పెట్టుకుని, అవి మూడూ ఎక్కడ పొసగడం లేదో ఆ చోటొక్కటే చూపించండి.

మరో తిరకాసు సిలబస్. మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా. ఇక్కడ అది కోర్సు నియమావళి. ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, ఏ అసైన్‌మెంటు లెక్కలోకి రాదు, రీగ్రేడ్ ఎలా అడగాలి, అన్నీ అందులోనే ఉంటాయి. నేను మొదటి రోజు పాఠాల పేర్లు చూసి మూసేశాను. తక్కువ మార్కులు వచ్చిన ఒక అసైన్‌మెంటును వదిలేస్తామని కొన్ని కోర్సుల్లో రాసి ఉంటుంది. మీదీ అలాంటిదైతే, ఆ మూడోదే మీకు అన్నిటికంటే తక్కువ వచ్చినదైతే, అసలు గొడవే లేదు.

రీగ్రేడ్‌లో కాదన్నాక కూడా విభాగాధిపతి దగ్గరికి, ఆపైన డీన్ దగ్గరికో కమిటీకో వెళ్ళే దారి సాధారణంగా ఉంటుంది. అక్కడ నిలిచేవి లెక్కల పొరపాటు, సిలబస్‌లో రాసిన నియమం పాటించకపోవడం, వివక్ష లాంటివి. "నా వ్యాసం అంతకంటే బాగుంది" అన్న వాదన నిలవదు. ఇంటి నుంచి నాన్నగారి చేత ఫోను చేయించే ఆలోచన కూడా వద్దు. విద్యార్థి మార్కులు అతని అనుమతి లేకుండా బయటివారికి చెప్పడాన్ని 1974 నాటి ఫెర్పా చట్టం కట్టడి చేస్తుంది. రాసేటప్పుడు కూడా సొంత జీమెయిల్ నుంచి కాక యూనివర్సిటీ మెయిల్ నుంచే రాయండి.

శుక్రవారం గడువు యూనివర్సిటీ ఉన్న ఊరి గడియారం ప్రకారం లెక్క. కాలిఫోర్నియాలో శుక్రవారం రాత్రి 11:59 అంటే డిసెంబరులో హైదరాబాద్‌లో శనివారం మధ్యాహ్నం 1:29. సెలవులకు ముందే ఇంటికి బయలుదేరుతుంటే విమానం ఎక్కేలోపే పంపేయండి. రాసింది నాకు చూపించాలనుకుంటే ఇక్కడే పెట్టండి, చూస్తాను. మీ కోడ్ మాత్రం పెట్టకండి. వచ్చే ఏడాదీ అదే అసైన్‌మెంటు ఇస్తే, జవాబు బయటపెట్టారని ఫిర్యాదు మీ మీదికే వస్తుంది.